మెట్ల మలుపులో పొగ వాసన

కువైట్‌లో, మిష్రిఫ్‌లో ఓ విల్లా ఉంది. అందులో మేడమెట్ల మలుపు మంచిది కాదని పనివాళ్ళందరికీ తెలుసు. దీపాలార్పితే చాలు, అక్కడ కట్టెల పొగ వాసన వస్తుంది. ఆ వీధి మొత్తం వెతికినా కట్టెల పొయ్యి లేదు.

రెడ్డెమ్మది రాయచోటి పక్క. ఆ ఇంట్లో పని చేస్తుంది. శుక్రవారం ఖైతాన్‌లో మా ఇంటికొచ్చి చెప్పింది. విన్నది విన్నట్టు చెబుతాను.

ఆ మలుపులో ఓ పెద్ద పటం. అల్గాంకియన్ల విడిది. అల్గాంకియన్లంటే కెనడా వైపు నదుల వెంబడి తరతరాలుగా ఉన్న జనం. చెట్టు బెరడుతోనే గుడిసెలు, బెరడుతోనే పడవలు. పటంలో రెండు గుడిసెలు, బోర్లించిన పడవ, మంట మీద కుండ... పక్కన కూర్చుని గరిటె తిప్పుతున్న ఒకావిడ.

మామా, అంటే ఇంటి యజమానురాలు, దాన్ని వేలానికి పెట్టింది. "ఈలోపు దాని మీద గీత పడిందా, నీ ఇఖామా ఖలాస్," అంది రెడ్డెమ్మతో. ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం. అది పోతే విమానమెక్కడమే. ఊళ్ళో కూతురి నర్సింగు చదువు సగంలో ఉంది.

తెల్లారితే పటం పోవాలి. ఆ రాత్రి పొగ వాసన వంటింటిదాకా వచ్చింది. నిజంగానే అంటుకుందేమోనని రెడ్డెమ్మ పరుగెత్తింది. నిప్పు లేదు. పటం చల్లగానే ఉంది... వాసన మాత్రం అందులోంచే.

"దిష్టి తగిలింది జ్ఞానమ్మక్కా," అని రెడ్డెమ్మ వంటావిడ చెవిలో అంది. "ఎంతమంది వచ్చి సూసిపోయినారు. తీసెయ్యాల."

"నేను ప్రార్థన చేసుకుంటాను. నువ్వు మిరపకాయలు కాల్చుకో," అంది జ్ఞానమ్మ. "మామా లేచిందంటే మాత్రం నేను నిద్రలో ఉన్నాను."

రెడ్డెమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి, పటం ముందు తిప్పి, ధూపం వేసే బొగ్గుల మీద వేసింది. మిరపకాయలు నల్లగా మాడాయి. పొగ లేచింది —

దగ్గు రాలేదు. ఇద్దరికీ రాలేదు.

మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని మనవాళ్ళ లెక్క. పొగ మెల్లగా పటం వైపు జరిగింది... తర్వాత కనిపించలేదు.

పొద్దున మామా గీతల కోసం అంచులన్నీ వెతికింది. గీత లేదు, మసి లేదు. పటం మంచి ధరకు పోయింది. మామా రెడ్డెమ్మ ఇఖామా పొడిగించి ముద్ర కొట్టించింది. మెట్ల దగ్గర వాసన పోయింది.

"సూపర్‌మార్కెట్ మిరపకాయలు. వాటిలో కారమెక్కడిది," అని జ్ఞానమ్మ తేల్చేసిందట. నేనూ అదే అన్నాను.

వేలంశాలలో ఆ ఇంటి డ్రైవరు అసిఫ్ తీసిన ఫోటోను రెడ్డెమ్మ తన ఫోన్‌లో తెరిచి నా చేతికిచ్చింది.

"నువ్వే సూడు టీచరమ్మా."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. గుడిసెలున్నాయి. పడవ ఉంది. కుండ ఉంది.

గరిటె నేల మీద పడి ఉంది. ఆవిడ రెండు చేతులతో ముక్కు మూసుకుని ఉంది.