బ్యాటరీ మీద కూర్చున్నవాళ్ళకు టీ

ఈ కథలో గూఢచారి కంట తడి పెట్టడు. రాయితో చేసిన మనిషి. తుపాకీ గురిపెడితే ఆవలిస్తాడు. కోడ్ నేమ్ దోమ.

చీఫ్ బ్రీఫింగ్ మూడు ముక్కల్లో ముగిసింది. విదేశీ ముఠా ఒకటి లారీ నిండా పేలుడు మందు నింపి వంతెన మీదికి తోలబోతోంది. కమాండోలు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, అంతదాకా ఆ లారీ గోడౌన్ గేటు దాటకూడదు. తుపాకీ పేలితే సరుకూ పేలుతుంది.

అలా దోమ నూనె మరకల చొక్కా తొడుక్కుని ఆ లారీకి క్లీనరయ్యాడు. తీగలు కోసేద్దామంటే కాపలావాళ్ళిద్దరూ పొద్దున్నుంచీ బ్యాటరీ పెట్టె మీదే కూర్చుని పేకాడుతున్నారు.

క్యాబిన్ ఎక్కి, సీటు వెనక పడక తెర తొలగించి చూస్తే, సిల్కు కోటు అంతా నెత్తురై పడి ఉంది ఒకామె. ముఠా మొత్తం మేడమ్ అని ఒంగి సలాము చేసిన అందగత్తె, డబుల్ ఏజెంట్. దోమకు మాత్రం చనిపోయిన అన్న భార్య, స్వయానా వదిన. ఆ ఉదయమే గోడౌన్ బయట గుట్టు రట్టయి, తూటా పక్కటెముకల్లో దిగింది. తమ లారీలోనే దాక్కుంటుందని ముఠాలో ఎవడికీ తట్టలేదు.

"క్లీనర్ వేషం బాగా కుదిరింది మరిదీ," అంది. "వెయ్యకముందూ ఇలాగే ఉండేవాడివిలే."

దోమ షేవింగ్ మెషీన్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్‌లో ఛార్జ్ లేదు. అది ఎక్కి కబురందితే చీఫ్ ఏదో వంకన డాక్టర్ని లోపలికి పంపుతాడు. క్యాబిన్లో ఉన్నది లారీ బ్యాటరీలతో నడిచే ఒకే చిన్న ఇన్వర్టర్. ఛార్జర్ గుచ్చాడు. పక్కనే కరెంటు టీ కెటిల్ ఉంది. రెండూ తగిలిస్తే ఫ్యూజు ఎగిరి రెండూ ఆగిపోతాయి. ట్రాన్స్‌మిటర్ ఛార్జ్ ఎక్కడానికి గంట. కెటిల్ పెడితే ఆ పాత బ్యాటరీలు దిగిపోయి బండి కదలకుండా పోవడానికీ గంటే. ముఠా నాయకుడు బండి తీసేదీ గంట తర్వాతే.

"అది పీకెయ్. కెటిల్ పెట్టు," అంది వదిన.

"మరి డాక్టరు వదినా?"

"వంతెన మీద అంతమంది పోతుంటే, నీ కళ్ళకు నేనొక్కదాన్నే కనిపిస్తున్నానా?"

ఛార్జర్ ఊడొచ్చింది. కెటిల్ కాగింది, మళ్ళీ కాగింది. అన్ని నీళ్ళు ఏం చేసుకోవాలి? టీ పెట్టి కాపలావాళ్ళకే అందించాడు. తమ కింద ఉన్న కరెంటునే వాళ్ళు ఊదుకుంటూ తాగారు. చక్కెర తక్కువైందని సణిగారు కూడా. ఇన్వర్టర్ సలసల కాగిపోతుంటే దానికి గాలి ఆడేలా పక్కనున్న దుప్పటి లాగేసి వదినకు కప్పాడు. మండుటెండలో ఆమెకు చలేస్తోంది.

చివరికి ఇన్వర్టర్ కీచుమని ఆగింది. నాయకుడు వచ్చి తాళం తిప్పాడు. టక్. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ చప్పుడూ లేదు. దిగి కాపలావాళ్ళను తిడుతుండగా కమాండోలు గోడ దూకారు. కాపలావాళ్ళిద్దరి చేతుల్లో టీ గ్లాసులుండబట్టి తుపాకులు అందుకునే తీరిక లేకపోయింది.

వంతెన నిలిచింది. తెర తీసేసరికి వదినకు ఊపిరి లేదు.

దోమ చల్లారిన కెటిల్ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కంట తడి పెట్టడని మొదట్లో కోతలు కోశాను కదా, అది మరిచిపోండి. రాయీ కాదు రప్పా కాదు, వదిన చేతి ముద్దలు తిని పెరిగినవాడు.

ఇందులో టీ నిజం, చక్కెర తక్కువన్న మాటా నిజం. ఛార్జర్ పీకెయ్యమని వదిన అన్నదొక్కటే నా కల్పన. డాక్టరెప్పుడొస్తాడని ఆమె అడుగుతూనే ఉంది. పీకింది దోమే, తనంతట తానే. రాసింది అతనికి చదివి వినిపిస్తే, ఆ కల్పన మీద మాత్రం చెయ్యి పెట్టొద్దన్నాడు.