గోడ మీది తెల్లచుక్కలు

దివిటీ వెలుగు గుహ గోడ మీద పడగానే మద్దిలేటి కేక వేశాడు.

"వదినా, బొమ్మ! అన్న చెప్పిన బొమ్మ!"

నల్లమల కొండ కడుపులో, గబ్బిలాల కంపు మధ్య, సుంకులమ్మ తన దివిటీ పైకెత్తింది. ఆమె భర్త ఓబులేసు ఈ బొమ్మ గురించి చెప్పి, నిధి తెస్తానని లాంతరు పట్టుకుని వెళ్లి అయిదేళ్లయింది. తిరిగి రాలేదు. మరిది నిధి కోసం వచ్చాడు. ఆమె ఆయన కోసం వచ్చింది. ఉన్నాడో లేడో తెలిస్తే చాలు.

ఎర్రమట్టితో గీసిన మనుషులు. ముందు ఒకడు కుండ పట్టుకున్నాడు. వెనక నలుగురు పొడవాటి బరువేదో మోస్తున్నారు. వాళ్లు నడిచే దారంతా తెల్లని చుక్కలు. ఆ దారి ఎడమవైపు సొరంగంలోకి తిరిగింది.

"కుండలో బంగారం. బుజాల మింద పెట్టె. దావంతా వెండి నాణేలు రాలినాయి సూడు," అంటూ మద్దిలేటి సొరంగంలోకి దూరాడు.

సుంకులమ్మ కదల్లేదు. బొమ్మ మూలన ఒక ఇల్లు, ఇంటి ముందు బోర్లించిన నులక మంచం. కుండ మీద పొగ. కుడి చివర, నీటి గీతల్లోంచి ఆడవాళ్లు తడిజుట్టుతో పైకి వస్తున్నారు. అందరి ముఖాలూ ముందుకే. ఒక్కతె మాత్రం వెనక్కి చూస్తోంది.

"మద్దిలేటీ, ఆగు. అవి నాణేలు కాదురా, శవం ముందర సల్లే బొరుగులు. అది పాడె."

రాళ్లు విరిగిన చప్పుడు. ఆమె పరుగెత్తి, అంచున వేలాడుతున్న మరిది రెట్ట పట్టి పైకి ఈడ్చింది. కింద లోతు తెలియని అగాధం. పక్కనే ఒక లాంతరు. చెయ్యి కాలకుండా దాని పిడికి చుట్టిన గుడ్డ ఆమె పాత చీర పేలిక. తనే చుట్టింది.

ఆమె ఆ పేలిక విప్పి కొంగున ముడేసుకుంది.

"అడుగున ఏందో మెరుస్తాంది," మద్దిలేటి రొప్పుతూ అన్నాడు. "తాడు కట్టు వదినా, దిగుతా. అన్నను గూడా తెస్తా."

ఆ మాటకు ఆమె చెయ్యి నడుముకు చుట్టుకున్న తాడు మీదికి పోయింది. ఎముకలైనా సరే, ఒక్కసారి తాకాలని. అంచు మళ్లీ పెళపెళమంది.

"మీ అన్న గూడా ఇట్లే దిగింటాడు. లెయ్."

వాళ్లు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి బండలు కూలి గుహ ద్వారం మూసుకుపోయింది.

"సచ్చినాం వదినా."

"సాగనంపినోళ్లు తిరిగొచ్చిన దావ ఒకటుంది. బొమ్మలో ఆడోళ్లు యాడినుంచి వస్తాండారు? నీళ్లల్లోంచి."

కుడి చివర గోడ కింద, బండల సందులో నీటి హోరు. ఊపిరి బిగబట్టి దూకారు. చల్లని వరద వాళ్లను చీకట్లో దొర్లించి, కొండ అవతల ఎండలోకి విసిరేసింది.

మద్దిలేటి వణుకుతూ లేచాడు. "ఎనక్కి సూడగూడదు వదినా. పా, పోదాం."

సుంకులమ్మ కొంగు ముడి తడిమి చూసుకుంది. తడిజుట్టు వీపంతా పరుచుకోగా నాలుగడుగులు వేసింది. తరువాత ఆగి, వెనక్కి తిరిగి చూసింది.