మూడు కాపీలు, ఒకే గది

గూఢచారికి శత్రువులు ఎంతమందైనా ఉండొచ్చు గానీ, అక్క మాత్రం ఉండకూడదు. అందులోనూ అదే డిపార్ట్‌మెంట్‌లో స్టోరేజ్ ఇంజనీరుగా అసలుండకూడదు. మారువేషం వేసుకుంటే "మీసం వంకరగా ఉందిరా" అంటుంది. సీక్రెట్ బ్రీఫింగ్ మధ్యలో "తిన్నావా?" అంటుంది.

విదేశాల్లో మారుపేర్లతో తిరిగే ఏజెంట్ల అసలు పేర్లు, వాళ్లు ఇంటికి తిరిగొచ్చే దారులు అన్నీ ఆమె సర్వర్లలోనే ఉన్నాయి. ఆ డేటాను మూడు కాపీలు చేసి మూడు బిల్డింగులకు పంచాలని పట్టుబట్టింది.

"మూడు చోట్ల కాపలా ఎవరు కాస్తారక్కా? ఒక్క గది, ఒక్క తలుపు, ఒక్క తాళం. చీమ కూడా దూరదు," అన్నాడు తమ్ముడు, అంటే మన ఏజెంట్.

"ఒకే గదిలో పెడితే అవి మూడు కాపీలు కాదురా. ఒకటే!"

రహస్యాన్ని పదిచోట్ల పెట్టమనే మనిషిని అనుమానించడం అతని వృత్తి. చీఫ్ చెవిన ఓ మాట వేశాడు. అక్క పాస్‌వర్డ్ రద్దయింది, ఆమె ఇంట్లో కూర్చుంది. మూడు కాపీలూ ఒకే గదిలో ఉండిపోయాయి. అప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు. ఎందుకో ఒప్పుకోవడం మాత్రం ట్రైనింగ్‌లో నేర్పలేదు.

ఆ మధ్యాహ్నం హోటల్ లిఫ్టులో, కర్టెన్లు అమ్మేవాడి వేషంలో ఉన్న అతని పక్కన నల్లకళ్లద్దాల సుందరి వచ్చి నిలబడింది. కోడ్‌నేమ్ నెమలి. రెండువైపులా పనిచేస్తుంది, రెండువైపులా జీతం తీసుకుంటుంది.

"గొడుగు తెచ్చారా?" అని గుర్తుమాట అడిగింది.

"మా వీధిలో వాన పడదు."

"నిన్న మీ సర్వర్ గదిలో ఏసీ బాగుచేసినవాడు మెకానిక్ కాదు. గొట్టాల్లో ఎక్కడో బాంబు పెట్టాడు." లిప్‌స్టిక్ మూతలోని గడియారం చూసింది. "ఇంకో ఇరవై నిమిషాలు. ఒక్క గదే కదా, మావాళ్లకు వెతుక్కునే శ్రమ లేకుండా చేశారు. ఎవరిదో గానీ పెద్ద మనసు."

లిఫ్టు తలుపు తెరుచుకోగానే అతను బయటికి దూకాడు. పరిగెడుతూనే ఫోన్ తీశాడు. ముందు గార్డులను బయటికి పంపించేశాడు. తర్వాత అక్కకు చేశాడు.

"అక్కా, నా పాస్‌వర్డ్ చెప్తాను, కొట్టు."

"దేశద్రోహికి పాస్‌వర్డ్ ఇస్తావేంట్రా?"

"గదిలో బాంబుందక్కా!"

"మనుషులున్నారా లోపల?"

"లేరు."

కీబోర్డు టకటకలాడింది. "కాపీలు ఎక్కడుండాలన్న రూలు మారుస్తున్నా. ఒక్కో కాపీ ఒక్కో బిల్డింగులో. ముందు ఒకటి బయటపడితే చాలు."

"టైముకి అవుతుందా?"

"నువ్వు నోరు మూసుకుంటే."

ఆఫీసు ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడి అతను ఆ గది కిటికీల వంక చూశాడు. ఎక్కడో ఏ ఊళ్లోనో పరాయి పేరుతో అన్నం తింటున్న మనుషులు గుర్తొచ్చారు. ఆ గది కాలిపోతే వాళ్లు మనవాళ్లని చెప్పేందుకు ఏ ఆధారమూ ఉండదు.

"తొంభై ఎనిమిది శాతం... ఆగింది."

"ఆగడమేంటి?"

"కాపీ సరిగ్గా పడిందో లేదో చూసుకోవద్దా? ఆఁ, అయిపోయింది!"

ఆ మాట వినబడటం, కిటికీ అద్దాలు రోడ్డున పడటం ఒకేసారి జరిగాయి.

సాయంత్రం చీఫ్ అతని భుజం తట్టాడు. "గది బూడిదైనా నీ పాస్‌వర్డ్‌తో డేటా దక్కింది. ఏం ముందుచూపయ్యా నీది!"

విజిటర్ బ్యాడ్జి తగిలించుకుని కుర్చీ అంచున కూర్చున్న అక్క అతన్ని "తిన్నావా?" అని మాత్రం అడిగింది. అదే అతన్ని తినేసింది. పట్టుబడ్డ ప్రతి దేశంలోనూ చావబాదినా నోరు విప్పని మనిషి, ఎవరూ అడక్కుండానే విప్పాడు.

"ముందుచూపు అక్కది సార్. ఒక్క గదన్నది నేను. అక్కను అనుమానించిందీ నేనే." ఆమె వైపు తిరిగాడు. "తప్పు చేశానక్కా."