ఓడించినవాళ్ళదే రాయి

పసిఫిక్ దీవుల్లోని సువా రేవులో సరుకు లెక్కలు రాసే గుమాస్తా ఒకడు మంగళవారం పనికి రాలేదు. బుధవారం పొద్దున అతని శవం నీళ్ళ మీద తేలింది. ఒంటి మీద గాయం లేదు. జేబులో పర్సు జేబులోనే ఉంది. తాగి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. అతను జన్మలో చుక్క ముట్టని మనిషని కాన్‌బెర్రాలో ఇద్దరికి మాత్రమే తెలుసు.

ఒకరు కోల్మ్ పెటిఫర్, ఆఫీసులో పసిఫిక్ విభాగం అధిపతి. ఆ ఆఫీసుకు బయట బోర్డు ఉండదు. రెండోవారు వూలా మాంజారిస్, యాభై రెండేళ్ళ ఏజెంటు.

"శాంపిల్," అన్నాడు పెటిఫర్. "మన వేగుల జాబితా అమ్ముతున్నవాడు, కొనేవాళ్ళకు నమ్మకం కుదరాలని ఒక పేరు ఊరికే ఇచ్చాడు. ఇంకా పదకొండు పేర్లున్నాయి."

ఆ పదకొండింటిలో ఒకటి టోంగాలో నుకుఅలోఫా రేవులో పనిచేసే లోసెలీదని వూలాకు చెప్పక్కర్లేదు. ఆమెను ఈ పనిలోకి దింపింది తనే. నీ మీద ఈగ వాలనివ్వనని చేతిలో చెయ్యేసి చెప్పింది కూడా తనే. అమ్మకం జరిగిపోతే లోసెలీ కూడా ఏదో ఒక బుధవారం నీళ్ళ మీద తేలుతుంది.

అమ్ముతున్నవాడు గారెత్ ప్రౌస్. ఒకప్పుడు ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసేవాడు. అంతకంటే ముందు నుంచీ పోకర్ ఆడుతున్నాడు. ఆస్ట్రేలియాలో ఏ పోటీ జరిగినా అతనికో ఆనవాయితీ ఉంది. కూబర్ పీడీ గనుల దగ్గర కొన్న రంగురంగుల ఓపల్ రాయి ఒకటి తెచ్చి, ముక్కలు పంచే డీలర్ పొరపాటున లాగేసుకోకుండా తన ముక్కల మీద బరువుగా పెట్టుకుంటాడు. తనను ఆటలోంచి పంపించినవాళ్ళకు ఆ రాయి ఇచ్చి, చెయ్యి కలిపి వెళ్ళిపోతాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. జనం చప్పట్లు కొడతారు, కెమెరాలు దగ్గరికొస్తాయి, ఎవరికీ అనుమానం రాదు.

ఈసారి ఆ రాయిని తొలిచారు. లోపల ఆ పేర్లున్న గోరంత మెమరీ కార్డు ఉంది. ఒక్కటే కాపీ. రెండుంటే ధర పడిపోతుందని ప్రౌస్‌కు తెలుసు.

"అయితే రాయి లాక్కుంటే పోలా?" అంది వూలా.

"రాయి ఎవరైనా లాక్కుంటారు. నాకు దాని వెనకున్న ముఠా కావాలి."

ముఠా తరఫున రాయి అందుకోవలసింది సిల్వీ ఆర్నో. ఫ్రెంచివాళ్ళ దీవి పట్నం నౌమియా మనిషి, నలభై దాటినా చూపు తిప్పుకోలేని అందం, ఏదో చిన్న దేశానికి కాన్సల్ హోదా, చేతిలో దౌత్య పాస్‌పోర్టు. నాలుగేళ్ళుగా ఆమె రహస్యంగా పెటిఫర్ మనిషి. ప్రౌస్ ఆమె చేతిలో కావాలని ఓడిపోతాడు. ఆమె లిఫ్టు దగ్గర అసలు రాయి మనవాళ్ళకిచ్చి, నకిలీ రాయితో ఆ రాత్రి ముఠా నాయకుడి దగ్గరికి వెళ్తుంది. వూలా పని, ఆమెకు తెలిసేలాగే, ఆమెను కనిపెట్టుకుని ఉండటం. అంతే.

దానికి వూలా మెల్‌బోర్న్ శివారు ఓక్‌లీలో బేకరీ నడిపే విధవరాలి వేషం వేసింది. పబ్బులో ప్రతి బుధవారం జరిగే ఆటలో గెలిచి, ఉచితంగా పోటీలో సీటు సంపాదించుకున్న గ్రీకు ఆంటీ. వేషానికి పెద్ద కష్టపడలేదు. ఆమె పుట్టిందే బేకరీ వెనక గదిలో. ముక్కలు పట్టడం నాన్న దగ్గర, పిండి పులిసేలోపు నేర్చుకుంది.

*

జనవరి చివరి శనివారం. మెల్‌బోర్న్‌లో ఎండ నలభై రెండు. ఐదు రోజుల కింద ఎనిమిది వందల మంది కూర్చున్న హాల్లో ఇప్పుడు ఒక్క బల్ల మిగిలింది. దాని చుట్టూ ఆరుగురు. ఏసీ చలికి వూలా భుజాల మీద కార్డిగన్ కప్పుకుంది. ప్రౌస్‌కు మాత్రం మెడ వెనక చెమట కారుతోంది.

ఆఫీసు ఆమెకు కెమెరా ఉన్న కళ్ళజోడు, మైకు ఉన్న చెవిపోగులు ఇచ్చింది. రెండూ గుమ్మం దగ్గరే పోయాయి. ఫైనల్ టేబుల్ మీద వైరున్న వస్తువేదీ ఉండకూడదని మేనేజరు ఒక ప్లాస్టిక్ డబ్బా చాపాడు. లక్షలు పోసి చేసిన సరంజామా ఆ డబ్బాలో ఎవరివో ఫోన్ల పక్కన పడింది. మిగిలింది ఒక సంకేతం. జనం ఆనుకుని చూసే అడ్డగట్టు అవతల, ప్రేక్షకుల్లో క్రికెట్ టోపీ పెట్టుకున్న పెటిఫర్‌తో "రొట్టె మాడింది" అంటే పథకం చెడిందని అర్థం.

రెండు గంటలప్పుడు ప్రౌస్ తన చిప్స్, పందెం బిళ్ళలు, అన్నీ ముందుకు తోశాడు. ఆల్ ఇన్. అతని ఎడంపక్కనున్న సిల్వీ ఒక క్షణం ఆలోచించినట్టు నటించి సరేనంది. మిగతావాళ్ళు ముక్కలు పారేశారు. ఇద్దరూ ముక్కలు తిరగేశారు. ఆమెవి రెండు జాకీలు. అతనివి ఏడు, రెండు. పోకర్లో అంతకంటే చెత్త చెయ్యి లేదు. గట్టు మీద జనం నవ్వారు.

ఇక ఐదు ముక్కలు బల్ల మీద పడాలి. అవి ఇద్దరివీ. వాటితో కలిపి ఎవరి చెయ్యి పెద్దదైతే వాళ్ళది గెలుపు. మూడో ముక్క ఏడు. ఐదో ముక్క మళ్ళీ ఏడు.

జనం లేచి అరిచారు. ఓడిపోదామని కూర్చున్న మనిషి మూడు ఏడులతో గెలిచాడు. అంత కష్టపడి చచ్చే చెయ్యి ఎంచుకుంటే అది బతికి బట్టకట్టింది. చిప్స్ గుట్ట తన ముందుకొస్తుంటే ప్రౌస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. వూలాకు నవ్వొచ్చింది. పక్కకు తిరిగేసరికి ఆ నవ్వు పోయింది.

సిల్వీ వాచీ చూసుకుంటోంది. తర్వాత మేనేజర్ని పిలిచి, చాలా నెమ్మదిగా, నేను ఆటలోంచి పోతే బహుమతి డబ్బు నౌమియా బ్యాంకుకే పంపొచ్చా, సంతకాలు నాలుగున్నరలోపు అయిపోతాయా అని అడిగింది.

రాత్రి మనవాళ్ళ కారులో ముఠా నాయకుడి దగ్గరికి వెళ్ళాల్సిన మనిషి. రేపట్నుంచి మనవాళ్ళు చూపించిన ఇంట్లో, మనవాళ్ళు ఇచ్చిన పేరుతో బతకాల్సిన మనిషి. ఆమెకు నాలుగున్నరతో ఏం పని?

*

మూడింటికి విరామం ఇచ్చారు. పెటిఫర్ గట్టు దగ్గర కాగితం సంచిలోంచి మాంసం కూరిన మీట్ పై తీసి తింటున్నాడు.

"రొట్టె మాడింది," అంది వూలా.

అతను నమలడం ఆపలేదు. ఆమె విన్నది చెప్పింది. అదా, ఎవరికైనా తొందరుండదా అన్నాడు. ఆ పాస్‌పోర్టు ఉండగా రాయి ఒకసారి ఆమె సంచిలో పడితే ఏ పోలీసూ ఆ సంచి విప్పలేడని వూలా గుర్తుచేసింది. తెలుసన్నాడు.

"సువా గుమాస్తా సంగతి ఆవిడ మనకెప్పుడు చెప్పింది?"

పెటిఫర్ మూతి తుడుచుకున్నాడు. "గురువారం."

"బుధవారం తేలాడు. బతికుండగా చెప్పలేదు."

"సిల్వీ నాకు నాలుగేళ్ళ పంట, వూలా. నీకు అనుమానం వచ్చిందని దానికి నిప్పెట్టుకోమంటావా? వెళ్ళి కూర్చో. చూస్తూ ఉండు. ఏమీ చెయ్యకు."

పంట అట. ఆ పంటకు ఒక మనిషిని ఎరువు వేశారు, ఇంకా పదకొండుమందిని వేస్తారు. అదే మాట అతని ముఖాన అనాలనిపించింది. బెల్లు మోగింది. వెనక్కి నడుస్తున్నంతసేపూ లోసెలీ ముఖమే కళ్ళముందు కదిలింది.

రాయి ఓడించినవాళ్ళకు వెళ్తుంది. సిల్వీ ఓడించకముందే తను ఓడించాలి. ఇంకో దారి లేదు. కానీ ప్రౌస్ తనతో ఆడితే కదా! తన ఓటమిని సిల్వీ కోసం దాచుకున్నాడు. ఎవరు పందెం పెంచినా ముక్కలు పారేసి తప్పుకుంటున్నాడు.

కూర్చోగానే వూలా అతని మీద పందెం పెంచింది. పారేశాడు. తన ముక్కలు తిరగేసి అందరికీ చూపించింది. మూడు, ఎనిమిది. చెత్త. జనం నవ్వారు. తర్వాతి ఆటలో మళ్ళీ పెంచింది, మళ్ళీ పారేశాడు, మళ్ళీ చూపించింది. నాలుగుసార్లు అలాగే చేసింది.

"గారెత్ బాబూ," అంది బేకరీ కౌంటర్ గొంతుతో, "ముప్పై ఏళ్ళుగా ఆడుతున్నావటగా. ఈ భయం పుట్టుకతో వచ్చిందా, మధ్యలో అంటుకుందా?"

గట్టు మీద ఎవరో ఈల వేశారు. ప్రౌస్ చెవులు ఎర్రబడ్డాయి. "మీ రొట్టెలు అమ్ముకోండి అక్కా," అన్నాడు.

"అమ్మేదాన్నే. నీకు మాత్రం అరువివ్వను. గట్టిగా ఉంటే తినలేవు."

జనం విరగబడి నవ్వారు. సిల్వీ నవ్వలేదు. నల్ల కళ్ళద్దాలు తీయకుండానే ఇటు వంగింది. గులాబీ సెంటు గుప్పుమంది. "నువ్వు చూడటానికి వచ్చావు వూలా," అంది పెదవి కదలకుండా. "చూడు. నీ టోంగా పిల్లకు కూడా అదే మంచిది."

పేర్లింకా రాయిలోనే ఉన్నాయి. ఈమెకు మాత్రం దేశం తెలుసు, ఆడపిల్లని తెలుసు. ఎక్కడో ఆచూకీ కొంత దొరికింది, పేరొక్కటే మిగిలింది. అనుమానం అన్నది ఇక లేదు. వూలా చేతిలోని చిప్ గుట్ట మీద పెట్టింది.

నాలుగింటికి పది నిమిషాలుంది. తర్వాతి ఆటలో ముక్కలు చూడకముందే పందెం కట్టాల్సిన వంతు సిల్వీది, ఆమె చివరిదాకా వదలకపోయినా ఎవరికీ వింతనిపించదు. ప్రౌస్ అంతా తోసేది అప్పుడే. అంటే వూలాకు మిగిలింది ఈ ఒక్క ఆట.

తన ముక్కల అంచు ఎత్తి చూసింది. ఆసు, ఐదు. గొప్ప చెయ్యేం కాదు. చిప్స్ మొత్తం ముందుకు తోసింది. ప్రౌస్ దగ్గరున్న వాటికంటే అవి కాస్త ఎక్కువ.

"ఆల్ ఇన్. ఇదీ పారేస్తావులే."

ప్రౌస్ తన ముక్కలు చూశాడు. పారేయబోయిన చెయ్యి ఆగిపోయింది. రాయి తీసి మళ్ళీ చూశాడు, ముక్కలు మారిపోయాయేమోనన్నట్టు. సిల్వీ గోరు బల్ల మీద ఒకసారి తట్టింది. పారెయ్యి అని. మళ్ళీ తట్టింది.

పారేసి ఉంటే అతను ఈపాటికి ఏ సముద్రపు ఒడ్డునో హాయిగా ఉండేవాడు. కానీ అతనికొచ్చినవి రెండు రాజులు. ఎగతాళి చేసిన ఆంటీ ముందు, ఇంత జనం ముందు, రెండు రాజులు చేతిలో పెట్టుకుని ముక్కలు పారేసే ఆటగాడు ఇంకా పుట్టలేదు. ముందు ఈవిడ నోరు మూయించి, ఆనక సిల్వీకి ఓడిపోదామనుకున్నాడు పాపం.

"సరే," అన్నాడు.

ముక్కలు తిరగేశారు. రాజులు చూసి జనం ఊపిరి బిగబట్టారు. వూలా గెలవాలంటే ఇంకో ఆసు రావాలి. పదిసార్లు ఆడితే మూడుసార్లు వస్తుంది. నాన్న నేర్పిన లెక్క అది. మిగిలిన ఏడింట్లో లోసెలీ చచ్చిపోతుంది. ఆ లెక్క ఆమెది.

తొమ్మిది. నాలుగు. రాణి. నాలుగో ముక్క ఎనిమిది. సిల్వీ వీపు వెనక్కి వాల్చి, సంచి ఒళ్ళోకి తీసుకుంది. డీలరు పిల్ల రివాజు ప్రకారం పైముక్క పక్కన పెట్టి ఆఖరి ముక్క తిప్పింది.

కళావరు ఆసు.

అరుపులకు బల్ల అదిరింది. వూలాకు అవేమీ వినిపించలేదు. ఆమె చూస్తున్నది ప్రౌస్ చేతినే. చెయ్యి రాయి మీద ఉంది, లేవడం లేదు. గట్టు మీద జనం "రాయి, రాయి" అని మొదలుపెట్టారు.

"గారెత్, అది నాకిస్తానన్నావు," అంది సిల్వీ. గొంతు తీయగానే ఉంది.

ప్రౌస్ ఆమెను చూశాడు. కెమెరాలను చూశాడు. ముప్పై ఏళ్ళ నుంచి తనను ఎరిగిన గట్టు మీది జనాన్ని చూశాడు. పదకొండు ప్రాణాలకు ధర కట్టిన మనిషి పేకాట బల్ల దగ్గర ఇచ్చిన మాట తప్పలేకపోయాడు.

"ఓడించినవాళ్ళదే," అని రాయి వూలా చేతిలో పెట్టాడు. అది అతని చెమటతో వెచ్చగా ఉంది.

ఆమె లేచి నేరుగా గట్టు దగ్గరికి నడిచి, పెటిఫర్ చేతిలోని మీట్ పై సంచిలో దాన్ని పడేసింది. పెటిఫర్ ఆమెను, సంచిని, బల్లను మార్చి మార్చి చూశాడు. బల్ల దగ్గర సిల్వీ కుర్చీ ఖాళీగా ఉంది. చిప్స్ గుట్టలు అలాగే వదిలేసి, అద్దాల తలుపుల్లోంచి ఎండలోకి వెళ్ళిపోతోంది. ఆ పాస్‌పోర్టున్న మనిషిని ఎవరూ ఆపలేకపోయారు. ప్రౌస్‌ను మాత్రం కారు పార్కులో పట్టుకున్నారు.

"ఏమీ చెయ్యకన్నాను కదా," అన్నాడు పెటిఫర్ చివరికి.

ఆమె మిగిలిన ఆటకు బల్ల వైపు తిరిగింది. "నేనేం చేశాను సార్? పేకాడాను."

*

మర్నాడు వూలా నుకుఅలోఫాకు ఫోన్ చేసింది. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి ఎత్తారు. లోసెలీ గొంతే. వూలా కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"అక్కా, నిన్ను టీవీలో చూశాను," అంది లోసెలీ. "చర్చి హాల్లో అందరం చూశాం. పాస్టరు గారు కూడా ఉన్నారు. పేకాటా అక్కా? నీ వయసులో?"

తప్పయిపోయిందంది వూలా. లోసెలీ వదల్లేదు. పావుగంట సేపు బైబిల్లోంచి, వాళ్ళమ్మ మాటల్లోంచి తీసి తీసి చీవాట్లు పెట్టింది. వచ్చే ఆదివారం నీ పేరు మీద ప్రార్థన చేయిస్తున్నాను, ఇంకోసారి ముక్కలు ముట్టనని ఒట్టెయ్యమంది. వూలా ఒట్టేసింది. ఆ తిట్లు ఇంకో గంట సాగినా వింటూ ఉండేది.

తర్వాత లోసెలీ గొంతు తగ్గించి అడిగింది.

"అయినా అక్కా, నరకానికి పోయే పని ఎలాగూ చేశావు. ఆఖరికి నాలుగో స్థానమేంటి?"