స్నేహ అడిగే మూడో ప్రశ్న

"నేనెవర్ని?" అని అడిగింది స్నేహ.

ఆసుపత్రి కిటికీ అవతల బరంపురం మీద వాన సన్నగా పడుతోంది. ఫణిభూషణ్ మనసు ఆ వానలోనే ఎక్కడో తేలుతోంది. "మా అమ్మకి కాబోయే కోడలు," అనేశాడు.

మరోచోటైతే సిగ్గుపడాల్సిన మాట. ఇక్కడ స్నేహ ముఖం పాలిపోయింది. గబగబా బెల్లు నొక్కింది.

లంజిపల్లిలో కంప్యూటర్లు బాగుచేసే ఫణికి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. రెండు రకాల కీమోకీ లొంగలేదు. అతని రక్తంలోని రక్షక కణాలనే తీసి, జబ్బును గుర్తుపట్టేలా ల్యాబులో మార్చి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించారు. ఇంకా పరీక్షల దశలో ఉన్న వైద్యం. ఆ కణాల పోరులో ఒక్కోసారి మెదడు తికమకపడుతుందట. అందుకే నర్సు స్నేహ పూటపూటా వచ్చి ఏ ఊరు, ఏ నెల, నేనెవర్ని అని అడుగుతుంది. ఆమె వచ్చే వేళకి ఫణి జుట్టులేని తల మీద టోపీ ముచ్చటగా సర్దుకునేవాడు.

డాక్టర్ సుధీంద్ర స్టెరాయిడ్ సూది సిద్ధం చేయించాడు. తనకేమీ కాలేదని ఫణి ఎంత మొత్తుకుంటే అంత తేడాగా కనిపించాడు. వంద నుంచి పదేసి తగ్గిస్తూ తడుముకోకుండా లెక్కపెట్టాక గానీ ఆయన నమ్మలేదు. ఆ సూది పడితే జబ్బుతో పోరాడే కణాలూ చల్లబడిపోవచ్చని చెప్పి, నాలుగు చీవాట్లు పెట్టి వెళ్లాడు.

స్నేహ మాత్రం కదల్లేదు.

"నవ్వులాటకి ఈ క్వశ్చనే దొరికిందేటి? మీకేటైపోనాదోనని నా కాళ్లూ సేతులూ ఆడలేదు."

ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. పేషెంటు కోసం మాత్రమే వచ్చే తడి కాదది. ఫణికి సంతోషమూ భయమూ ఒక్కసారే కలిగాయి.

"నవ్వులాట కాదండీ. మనసులోది నోటికొచ్చేసింది. ఈ కణాలు పనిసేస్తాయో లేదో తెలీకుండా సెప్పకూడదనే అనుకున్నాను."

ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నిజంగానే జ్వరం ముంచుకొచ్చింది. మందులిస్తూనే ఉన్నారు. ఫణికి పగలూ కలా ఒకటైపోయాయి. కలలో గోపాల్‌పూర్ సముద్రం, తడిసిన మొగలిపూల వాసన, ఎవరిదో చల్లని చెయ్యి. జ్వరం దిగి కళ్లు తెరిస్తే, చెయ్యి మాత్రం నిజమే, స్నేహది.

ఏ ఊరంటే బరంపురం అన్నాడు. ఏ నెలంటే ఆషాఢమని, వెంటనే జూలై అని సర్దుకున్నాడు. మూడోది అడగ్గానే బుద్ధిగా "నర్సు స్నేహ గారు" అన్నాడు.

అన్నీ సరిగ్గా ఉన్నాయని ఆమె రాసుకుంది. స్కాను ఇంకా తియ్యాలి. అందులో ఏముంటుందో డాక్టరుకీ తెలియదు. ఆ దిగులు ఆమెకీ ఉంది.

"డ్యూటీలో ఉన్నాను కాబట్టి ఇదే రైటు," అంది మెల్లగా. "మీరు ఇంటికెళ్లిపోయాక మొన్నటి మాట మా నాన్నతో సెప్పండి. స్కానులో ఏటొచ్చినా సరే."

"ఏటొచ్చినానా?" అన్నాడు ఫణి.

"ఏటొచ్చినా," అంది స్నేహ, చెయ్యి తీయకుండా.