బ్యానర్ నడుమ మందం టేపు

"పది నిమిషాల్లో పేలుతుంది. దొరికిందా?" చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు.

"లేదు సార్. స్టేజీ కింద మూడుసార్లు పాకాను."

ఏజెంట్ మెరెడిత్ క్విల్టీ నాలుగోసారి పాకడం మొదలుపెట్టింది. మెల్‌బోర్న్ స్టేడియంలో ఫుట్‌బాల్ ఫైనల్ చూడ్డానికి లక్షమంది. పైన ఆటకి ముందు పాడే గాయని ఆఖరి పాట అందుకుంది. ఆ స్టేజీ కిందే బాంబు ఉందని కబురిచ్చింది వివియెన్. శత్రు ముఠాలో ఉంటూ ఏజెన్సీకి పనిచేసే అందగత్తె. మెరెడిత్ చేతిలోని సాస్ సీసాలో దాచిన బాంబు డిటెక్టర్ మాత్రం ఒక్కసారీ మిణుక్కుమనలేదు.

"వివియెన్ ఎక్కడ సార్?"

"పొద్దుట్నించీ ఫోన్ ఎత్తట్లేదు."

అయితే ఆ కబురే ఎర. బాంబు ఇంకెక్కడో ఉంది. మెరెడిత్ బయటికి పరుగెత్తింది. వారంగా ఆమె వేషం పెలికన్స్ జట్టు అభిమాని. మెడలో నీలం కండువా. ఆటగాళ్లు బయటికొచ్చే సొరంగం ముందు ఆ అభిమానులే మేడంత ఎత్తు కాగితం బ్యానర్‌ని రెండు గొట్టాల మీద లేపి నిలబెట్టారు. ఆటగాళ్లు దాన్ని చీల్చుకుంటూ మైదానంలోకి దూకాలి. మూడు వారాలు కూర్చుని అతికించింది ఆ ఒక్క క్షణం కోసమే.

ఆ అభిమానుల నాయకురాలు, డెబ్భై ఏళ్ల డాట్ హాన్రహన్ తాడు పట్టుకుని తిట్టిపోస్తోంది.

"నడుమ ఇంత మందం టేపు వేస్తారటే ఎవరైనా? అక్కడ ఒట్టి కాగితమే ఉండాలని చంటిపిల్లకి కూడా తెలుసు. కుర్రాళ్ల ముక్కులు పగలవూ?"

"ఎవరు వేశారు డాట్?"

"నిన్నొచ్చిన ఆ ఎర్ర లిప్‌స్టిక్ సుందరి. వివియెనో ఎవరో. గాలికి చిరక్కుండా బిగిస్తానంది. కొత్త గొట్టాలు కూడా ఆవిడే తెచ్చింది. పుణ్యాత్మురాలనుకున్నా!"

మెరెడిత్ సీసాని గొట్టానికి ఆనించింది. ఎర్రదీపం. టేపుకి ఆనించింది. మళ్లీ ఎర్రదీపం. లోపల తీగ. అది తెగితే రెండు గొట్టాలూ పేలతాయి.

సొరంగంలో బూట్ల చప్పుడు మొదలైంది.

"డాట్, దించెయ్!"

"మతి పోయిందా పిల్లా? నలభై ఏళ్లలో ఒక్కనాడూ దించలేదు. ఫైనల్ రోజు దించితే జనం నా మొహాన ఉమ్ముతారు."

"చిరిగితే చస్తాం డాట్. ముందు నీ కుర్రాళ్లే."

డాట్ సీసా మీద వెలుగుతున్న ఎర్రదీపం వంక చూసింది. బ్యానర్ పట్టుకున్నవాళ్ల వైపు తిరిగింది.

"దించండ్రా! మెల్లగా! ఎక్కడైనా చిరిగిందో, తోలు తీస్తా!"

మేడంత కాగితం అంగుళం అంగుళంగా వాలింది. గాలి కొట్టింది. టేపు తాడులా బిగుసుకుంది. బ్యానర్ గడ్డి మీద పడుకుంది. పరుగున వచ్చిన కెప్టెన్ బూటు దాని అంచుకి జానెడు దూరంలో ఆగింది.

"చుట్టూ తిరిగి పోరా నాయనా!" అరిచింది డాట్. లక్షమందీ ఒక్క గొంతుతో ఆమెను ఎగతాళి చేశారు.

సాయంత్రం వివియెన్ విమానాశ్రయంలో దొరికింది. మర్నాడు పేపర్లో బాంబు ఊసే లేదు. మొదటి పేజీ నిండా డాట్ ఫోటో, కింద ఒక ప్రశ్న: కాగితం ముక్క నిలబెట్టడం కూడా చేతకాదా?