పట్టుకోవద్దన్న పాఠం

"పేషెంట్ పడిపోతుంటే ఆపాలని చూడకండి. మీ ఒంటికి ఆనించుకుని మెల్లగా నేలమీదికి జారనివ్వండి."

నడుంనొప్పి రాకుండా పనిచేయడం ఎలాగో నర్సులకు నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు ఆ మాట అన్నాడో లేదో, వెనక వరసలోంచి మన నర్సమ్మ లేచింది.

"సార్, మీరెప్పుడైనా పన్నెండు బెడ్లు ఒక్కరే చూశారా?"

"లేదండీ."

"మరి పుస్తకం చదివి చెప్తున్నారా?"

హాలంతా ఘొల్లుమంది. అతగాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా తనే పేషెంటై పడిపోయి చూపించాడు. అందరూ బుద్ధిగా జారనిచ్చారు. ఆవిడగారు మాత్రం మూడుసార్లూ గబుక్కున పట్టేసుకుంది.

"ఫెయిల్!" అన్నాడు నవ్వుతూ.

"పడేస్తే పాసా? బాగుంది వరస!"

ఆ తర్వాత ఏదో ఒక వంకతో అతను వార్డుకు రావడం, ఆమె నడుం వంచే పని లేకుండా బెడ్ ఎత్తు పెంచుకుందో లేదో చూడటం, ఇద్దరూ కాసేపు కీచులాడుకోవడం మామూలైపోయింది. అతను రాని రోజు తనకేమీ తోచడం లేదని ఆమె ఎవరితోనూ అనలేదు.

ఆరో వారంలో, బాత్రూం గుమ్మం దగ్గర ఒక ముసలావిడ కాళ్లు తడబడ్డాయి. నర్సమ్మ పట్టేసుకుంది. ముసలావిడకు చిన్న గీత కూడా పడలేదు. నర్సమ్మ నడుములో మాత్రం ఏదో కలుక్కుమంది.

మూడు నెలలైంది. పక్కకి ఒత్తిగిలాలన్నా అమ్మ సాయం పట్టాలి. "తగ్గిపోతుందిలే తల్లీ," అంటుంది అమ్మ. "నీ డ్యూటీ ఎక్కడికీ పోదు," అంటుంది ఫోన్లో మేట్రన్. స్కాన్ చూసిన డాక్టరు కూడా "చూద్దాం" అనే అన్నాడు. అవి వినీ వినీ ఆమెకు బతుకు మీదే విసుగు పుట్టింది.

ఒక మధ్యాహ్నం ఆ ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి వ్యాయామం చేయించాక అడిగింది.

"నిజం చెప్పండి. నేను మళ్లీ వార్డులో పనిచేస్తానా?"

అతను తల వంచుకున్నాడు. "చెయ్యలేరు. లేచి నడుస్తారు. కానీ మనుషుల్ని లేపే పని ఇక కుదరదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆమె మొహం గోడవైపు తిప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెకు వచ్చిన పని అదొక్కటే, ఇష్టమైన పనీ అదే.

"మీరూ ఒక అబద్ధం చెప్తే ఏం పోయేది?"

"మీతో జీవితాంతం ఉండాలనుకుంటున్నాను. అబద్ధంతో ఎలా మొదలుపెట్టను?"

"నన్ను కట్టుకుని ఏం సుఖపడతారు? జాలా?"

"జాలే అయితే, తగ్గిపోతుందని నేనూ చెప్పేవాణ్ణి."

ఆమె ఏడుపు ఆగలేదు. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ వచ్చి, మంచం పక్కకి కుర్చీ జరిపింది. అతను కూర్చున్నాడు. ఆమె సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉంది కానీ, అతన్ని వెళ్లమని మాత్రం అనలేదు.